బాధితుల పక్షాన రాజ్యం: సైబరాబాద్ అనుభవం



ఒక నేరం జరిగిందనుకోండి. పోలీసులు నిందితుణ్ణి పట్టుకుంటారు, కోర్టు విచారిస్తుంది, నేరం రుజువైతే శిక్ష పడుతుంది. ఈ క్రమంలో దెబ్బతిన్న మనిషి స్థానం ఏమిటి? చాలాకాలం పాటు ఆ వ్యక్తి కేవలం సాక్షి. వైద్యం ఎవరు చేయించాలి, కోర్టుకు ఎవరు తోడు రావాలి, పనికి వెళ్లలేని రోజుల్లో ఇల్లెలా గడవాలి అనేవి ఆ కుటుంబం సొంత సమస్యలుగానే ఉండిపోయాయి. ఇవి రాజ్యం బాధ్యతగా ఎలా మారుతూ వచ్చాయో హైదరాబాద్ ఐటీ కారిడార్ ఉదాహరణతో పరిశీలిద్దాం.

చట్టపరమైన నేపథ్యం

నేర బాధితులకు ప్రభుత్వ నిధుల నుంచి పరిహారం ఇచ్చే చట్టాన్ని న్యూజిలాండ్ 1963లో చేసింది. బాధితుల హక్కులపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1985లో ఒక ప్రకటనను ఆమోదించింది. మన దేశంలో 1973 నేర విచారణ స్మృతిలోని 357వ సెక్షన్ ప్రధానంగా దోషి నుంచి పరిహారం ఇప్పించడానికే పరిమితమైంది. దోషి దొరకకపోతే, దొరికినా చెల్లించే స్తోమత లేకపోతే బాధితులకు మిగిలేది ఏమీ లేదు. 2009 డిసెంబర్ 31న అమల్లోకి వచ్చిన 357ఎ సెక్షన్ ఈ లోటును పూరించింది. నేరస్థుడెవరో తెలియకపోయినా బాధితులు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. పరిహారం రాష్ట్ర నిధి నుంచి వస్తుంది.

కొత్త నగరం, కొత్త భద్రత

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్ పరిసరాల్లో రాత్రి ఉద్యోగాలు, క్యాబ్ ప్రయాణాలు, హాస్టల్ జీవితం మామూలయ్యాయి. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. 2006లో పోలీసులు, ఐటీ సంస్థలు కలిసి సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్‌ను నెలకొల్పుకున్నారు.

2013 అక్టోబర్‌లో మాదాపూర్‌లో క్యాబ్ అనుకుని ఎక్కిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిపై అత్యాచారం జరిగింది. దోషులిద్దరికీ 2014లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. తెలంగాణ ఏర్పడ్డాక మహిళల భద్రతపై సూచనల కోసం ఐఏఎస్ అధికారిణి పూనం మాలకొండయ్య అధ్యక్షతన ప్రభుత్వం కమిటీని నియమించింది. 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. మరుసటి ఏడాది రాష్ట్రమంతటికీ విస్తరించాయి. మఫ్టీలో తిరిగే ఈ బృందాల పని నివారణ: వేధింపు పెద్ద నేరంగా మారకముందే అడ్డుకోవడం, కేసుతో పాటు కౌన్సెలింగ్ ఇవ్వడం.

బాధితులకు అండగా నిలిచే పని 2016లో హైదరాబాద్‌లో ఏర్పడిన భరోసా కేంద్రంతో ఒక రూపం తీసుకుంది. పోలీసు, వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద దొరకడం దీని ప్రత్యేకత. జరిగిన ఘోరాన్ని నాలుగు ఆఫీసుల్లో నాలుగుసార్లు చెప్పుకోవలసిన బాధ దీనివల్ల తగ్గుతుంది. 2018లో రాష్ట్ర పోలీసు శాఖలో మహిళా భద్రతా విభాగం ఏర్పడింది.

విమర్శనాత్మక పరిశీలన

ఇన్ని ఏర్పాట్ల తర్వాత కూడా 2019 నవంబర్‌లో శంషాబాద్ వద్ద ఒక పశువైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. ఫిర్యాదు చేయబోతే తమను ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు తిప్పారని ఆమె కుటుంబం చెప్పింది. ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధి ఎవరిదైనా ఫిర్యాదు నమోదు చేసుకోవడమే జీరో ఎఫ్ఐఆర్. బాధితులకు దొరికే మొదటి సాయం అదే.

డిసెంబర్ 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. కొందరు పోలీసులపై పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ మాత్రం, ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని తన నివేదికలో తేల్చింది. ఆ కేసులో విచారణ జరగలేదు, తీర్పు రాలేదు. నిందితుడిపై కోపం వేరు, బాధితురాలికి అండ వేరు. మొదటిది ఒక్క ఉదయంలో తీరిపోతుంది. రెండోదానికి ఏళ్ల తరబడి పనిచేసే సిబ్బంది, నిధులు, నియమాలు కావాలి. సంస్థల అవసరం ఇక్కడే కనబడుతుంది.

మరో పరిమితిని కూడా గమనించండి. షీ టీమ్స్, భరోసా మహిళల కోసం, పిల్లల కోసం ఏర్పడ్డాయి. ఇదే కారిడార్‌లో కట్టడం పనికి వచ్చిన వలస కూలీపై కత్తి దాడి జరిగితే అతను ఎక్కడికి వెళ్లాలి? అతనికీ 357ఎ సెక్షన్ వర్తిస్తుంది. 2024 జులై 1 నుంచి అదే నిబంధన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 396వ సెక్షన్‌గా ఉంది. కానీ దరఖాస్తు పెట్టవచ్చని అతనికి చెప్పేదెవరు? పోలీసు, మహిళా శిశు సంక్షేమం, న్యాయ సేవలు అనే మూడు విభాగాల మధ్య బాధ్యత చీలి ఉంది. బాధితులందరి చేయి పట్టుకుని నడిపించే ఒకే సంస్థ ఇంకా రాలేదు.

సైబరాబాద్ చరిత్రలో ప్రతి పెద్ద ఏర్పాటుకూ ముందు ఒక దుర్ఘటన కనిపిస్తుంది. దుర్ఘటన కోసం ఎదురుచూడకుండా సంస్థను నిర్మించడమే మిగిలిన పని.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. 357, 357ఎ సెక్షన్ల మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?
2. షీ టీమ్స్, భరోసా కేంద్రాల లక్ష్యాలను పోల్చండి.
3. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఎక్కడుందో తెలుసుకుని, పరిహారం దరఖాస్తు విధానాన్ని పది వాక్యాల్లో రాయండి.