అశోకుని కంచు శిల్పం - ఓజ కళాకారుల మైనపు తీగ

న్యూఢిల్లీలో ఇండియా గేటు నుండి గోల్ డాక్‌ఖానా వరకు సాగే అశోకా రోడ్ తెలుగువారికి చిరపరిచితమైనది. నిజాం నవాబు కోసం లుట్యెన్స్ రూపొందించిన హైదరాబాద్ హౌస్, దాని చెంతనే ఆంధ్రా భవన్ ఈ మార్గంలోనే ఉన్నాయి. ఈ మార్గం ఏ చక్రవర్తి పేరు ధరించినదో, ఆ చక్రవర్తి కంచు శిల్పం ఒకటి ఇదే నగరంలోని మౌర్య హోటల్‌లో ఉన్నది. 'కళింగలో అశోకుడు' అనే ఆ శిల్పాన్ని 1972లో మీరా ముఖర్జీ (1923-1998) రూపొందించారు. అందులో కనిపించేది విజయగర్వం కాదు. యుద్ధానంతరం చక్రవర్తిని ఆవరించిన పశ్చాత్తాపం.

కలకత్తాలో జన్మించిన మీరా ముఖర్జీ ఢిల్లీ పాలిటెక్నిక్‌లోను, తరువాత జర్మనీలోని మ్యూనిక్ కళా అకాడమీలోను శిక్షణ పొందారు. అయితే ఆమె తన శిల్పభాషను కనుగొన్నది యూరప్‌లో కాదు, బస్తర్ అడవి పల్లెలలో. అక్కడి ఘఢువా లోహకారుల వద్ద పోత విద్య నేర్చుకొని, అరచేతిలో ఇమిడే ప్రతిమలకు ఉపయోగపడే ఆ పద్ధతిని నిలువెత్తు శిల్పాలకు విస్తరింపజేశారు. దేశంలోని లోహకారులను గూర్చి ఆమె రచించిన గ్రంథాన్ని 1978లో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రచురించింది.

ఈ విద్యకు మన ప్రాంతపు వారసులు ఆదిలాబాద్ అడవులలోని ఓజ కళాకారులు. జైనూరు మండలంలోని ఉషేగాం వారి ప్రధాన స్థావరాలలో ఒకటి. గోండుల దేవతా ప్రతిమలు, గంటలు, ఆభరణాలు వారి చేతులలో రూపుదిద్దుకుంటాయి. మొదట బంకమట్టితో లోపలి ముద్ద చేసి ఎండబెడతారు. దానిపై సన్నని తీగలుగా సాగదీసిన మైనాన్ని చుట్టి, కన్ను, ముక్కు, నగ తీర్చుతారు. పైన మరల మట్టి పూసి కాల్చగా మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడిని పోస్తారు. చల్లారిన పిమ్మట అచ్చును పగులగొట్టవలసినదే. కనుక ఏ రెండు ప్రతిమలూ ఒక్కటిగా ఉండవు. ఢిల్లీ జాతీయ మ్యూజియంలోని మొహెంజొదారో నర్తకి ప్రతిమ సైతం ఈ మైనపు పోత పద్ధతిలో వెలువడినదే.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. శిల్పి పేరు చరిత్రలో నిలిచింది. విద్యను కాపాడిన పల్లెల పనివారి పేర్లు మాత్రం ప్రతిమలపై లేవు. మీరా ముఖర్జీ ఆ ఋణాన్ని తన గ్రంథం ద్వారా కొంత తీర్చుకున్నారు. ఆదిలాబాద్ డోక్రా కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు సరకు పేరును అనుకరణ నుండి రక్షించగలదు. తండ్రి చేతినుండి బిడ్డ చేతికి విద్యను అందించలేదు. ఇత్తడి, మైనం, వంటచెరకు కొనుగోలుకు పెట్టుబడి, శ్రమకు తగిన ధర ఉన్ననాడే ఆ బిడ్డ కొలిమి వద్ద కూర్చుంటాడు.

మైనం కరిగిపోయినా దాని రూపం లోహంలో నిలుస్తుంది. విద్య కరిగిపోతే దానిని నిలుపగల అచ్చు లేదు.