దుంప ఆగ్రాది, గుడ్డు మనది

మే 30 అంతర్జాతీయ బంగాళాదుంప దినోత్సవం. ఐక్యరాజ్యసమితి దీన్ని తొలిసారి 2024లో జరిపింది. ఆ పూట వండుకోవడానికి విజయవాడ ఇళ్లలో మంచి వంటకం ఉంది, బంగాళాదుంప వేసిన గుడ్డు పొరటు. తుర్కియేలోనూ దీని తోబుట్టువు ఉంది, పేరు పతాతెస్లి యుముర్తా. దుంప ముక్కలు నూనెలో ఎర్రగా వేగాక గుడ్లు కొట్టి పోస్తారు. వాళ్లు పైన ఎండుమిరప పలుకులు చల్లితే, మనం ముందే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేసి వేయిస్తాం.

దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ల చేతుల మీదుగా ఐరోపా చేరింది, తర్వాత పోర్చుగీసు వాళ్లతో మన పడమటి తీరానికి వచ్చింది. ఇక మన వైపు, 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువల నీళ్లతో వరి పరుచుకుంది. బంగాళాదుంపకు మాత్రం ఈ నేల కుదరలేదు. దుంప ఊరాలంటే రాత్రిళ్లు చల్లగా ఉండాలి. అందుకే నేటికీ అది ఎక్కువగా ఆగ్రా వైపు నుంచి వస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో తవ్వి, శీతల గిడ్డంగుల్లో దాచి ఏడాది పొడవునా పంపుతారు.

గుడ్డు కథ వేరు, నాకు ఎంతో ఇష్టమైన కథ. పెరటి నాటుకోడి రోజులు పోయి కోళ్ల ఫారాలు వచ్చాక, 1980ల మొదట్లో రైతు గట్టి దెబ్బ తిన్నాడు. గుడ్డు ధర వ్యాపారి చెప్పిందే. దాణా ఖర్చు కూడా రాక ఫారాలు మూతపడుతున్నాయి. 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన డాక్టర్ బి.వి. రావు అప్పుడు ఊరూరా తిరిగి రైతులను కూడగట్టారు. ‘నా గుడ్డు, నా ధర, నా బతుకు’ అన్నది ఆ ఉద్యమ నినాదం. చట్టం అండ లేదు, సర్కారు ఉత్తర్వు లేదు. ఒకరితో ఒకరు పోటీపడి అయినకాడికి అమ్ముకునే రైతులు ఒకే ధరకు కట్టుబడాలని ఒప్పించడం ఎంత కష్టమో, పంట అమ్మిన ప్రతి ఇంటికీ తెలుసు. ఆయన ఒప్పించారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పుట్టింది. అదే నెక్. ధర ప్రకటించేది ఇక రైతుల సంఘమే. మార్కెట్‌లో గుడ్లు పేరుకుపోతే కొని శీతల గిడ్డంగుల్లో పెట్టే ఏర్పాటూ చేసుకున్నారు. సహకార ఉద్యమాల చరిత్రలో పాల విప్లవం పక్కన నిలబెట్టదగిన ఘట్టమిది. మన పాఠ్యపుస్తకాలు దీనికి ఒక పేజీ అయినా ఇవ్వాలి.

ఆ తర్వాతి కాలాన్ని ఒక దారంలో గుచ్చడం కష్టం. గుడ్డు అంగన్‌వాడీకి, బడి భోజనానికి చేరింది. గన్నవరంలో 1998లో పశువైద్య కళాశాల వచ్చింది. మొక్కజొన్న, సోయా ధరలు పెరిగితే ఫారం లెక్కలు తలకిందులవుతాయి. ఎండలు ముదిరితే కోళ్లు మేత తగ్గిస్తాయి, గుడ్లూ తగ్గుతాయి. మరోవైపు ఇంట్లో పిల్లలు ఫోన్లో ఇస్తాంబుల్ వంట చూసి, అమ్మ చేసే పొరటును కొత్తగా అడుగుతున్నారు.

నెక్ ప్రకటించే ధరల పట్టికలో విజయవాడ రోజూ ఉంటుంది. మే నెలాఖరున దుంప ముక్కల మీద గుడ్డు కొట్టే ముందు ఆ అంకె ఒకసారి చూడండి. అందులో దాణా ఖర్చుపోను రైతుకు ఎంత మిగులుతుందో కూడా అడగండి.