సమాఖ్య అధికరణాలు (అమెరికా)

సమాఖ్య అధికరణాలు అమెరికా సంయుక్త రాష్ట్రాల మొట్టమొదటి రాజ్యాంగ పత్రము. జాన్ డికిన్సన్ 1776లో సమర్పించిన చిత్తుప్రతిని రెండవ కాంటినెంటల్ కాంగ్రెస్ చాలావరకు మార్చి 1777 నవంబరు 15న ఆమోదించింది. పదమూడు రాష్ట్రాలూ ధ్రువీకరించిన తరువాతనే, అనగా 1781 మార్చి 1న, ఇది అమలులోకి వచ్చింది. ఈ ఆలస్యానికి ముఖ్య కారణము మేరీలాండ్. పశ్చిమ భూములపై వర్జీనియా వంటి రాష్ట్రాలు హక్కులు వదులుకోనిదే తాను సమ్మతించనని ఆ రాష్ట్రము పట్టుబట్టింది.

పదాలు, వాటి అర్థాలు

ఈ కాలపు చరిత్రలోని పదాలను నేటి అర్థంలో తీసుకోరాదు. "రాష్ట్రము" అనగానే తెలుగు పాఠకునికి భారతదేశంలోని రాష్ట్రము స్ఫురిస్తుంది. ఈ అధికరణాల క్రింద మాత్రం ప్రతి రాష్ట్రమూ తన సార్వభౌమాధికారాన్ని నిలుపుకొన్నది. "కాంగ్రెస్" అప్పట్లో ఒకే సభ. రాష్ట్రానికి ఇద్దరు మొదలు ఏడుగురి వరకు ప్రతినిధులుండవచ్చును గాని ఓటు ఒక్కటే. "అధ్యక్షుడు" ఆ సభను నడిపేవాడే గాని దేశాధినేత కాడు. కనుక 1781లో ఆ పదవికి ఎన్నికైన జాన్ హాన్సన్‌ను అమెరికా తొలి అధ్యక్షుడనడం సరికాదు.

లోపాలు

కాంగ్రెస్‌కు పన్నులు విధించే అధికారము లేదు. అది రాష్ట్రాలను సొమ్ము అడగవలసిందే, ఇవ్వడం మానడం వాటి ఇష్టము. యుద్ధపు అప్పులు తీర్చుటకు దిగుమతులపై 5 శాతము సుంకాన్ని 1781లో ప్రతిపాదించారు. సవరణకు అన్ని రాష్ట్రాల సమ్మతి అవసరము కాగా, 1782లో అతి చిన్నదైన రోడ్ ఐలాండ్ తిరస్కరించడంతో అది వీగిపోయింది.

1786లో మసాచుసెట్స్‌లో పన్నుల, అప్పుల భారంతో పొలాలు పోగొట్టుకుంటున్న రైతులు న్యాయస్థానాలను సాగనివ్వలేదు. వారి నాయకులలో ఒకడైన డేనియల్ షేస్ స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన మాజీ సైనికుడు. 1787 జనవరిలో వారు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారాన్ని పట్టుకోబోయి విఫలులయ్యారు. తిరుగుబాటును అణచిన సేనకు ధనమిచ్చినది కాంగ్రెస్ కాదు, బోస్టన్ పరిసరాల వర్తకులు.

అయితే ఈ కాంగ్రెస్ చేసిన మేలును మరువరాదు. 1785 నాటి భూశాసనము ప్రతి టౌన్‌షిప్‌ను 36 భాగాలు చేసి, 16వ భాగాన్ని పాఠశాలలకు కేటాయించింది. 1787 నాటి వాయవ్య శాసనము ఓహియో నదికి ఉత్తరాన బానిసత్వాన్ని నిషేధించింది. పారిపోయి వచ్చిన బానిసలను మాత్రం యజమానులు తిరిగి తీసుకుపోవచ్చునన్నది.

రద్దు

అధికరణాలను సవరించుటకు 1787 మేలో ఫిలడెల్ఫియాలో సమావేశమైన ప్రతినిధులు కొత్త రాజ్యాంగాన్నే రచించారు. దానికి తొమ్మిది రాష్ట్రాల ధ్రువీకరణ చాలునని అందులోనే వ్రాసుకున్నారు. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ తొమ్మిదవ రాష్ట్రమైనది. కొత్త ప్రభుత్వము 1789 మార్చి 4న మొదలైనది. ఫిలడెల్ఫియాకు ప్రతినిధులను పంపని రోడ్ ఐలాండ్ పదమూడింటిలో చివరిగా 1790 మే 29న రాజ్యాంగాన్ని ధ్రువీకరించింది.