నల్లరేగడి – మెటాడోర్ – తుప్పు

చరిత్ర అనగానే శాసనాలు, కోటలు, కైఫీయతులు గుర్తుకు రావడం సహజం. నంద్యాల, ఆళ్ళగడ్డ సీమల గురించి రాయబూనినవారు సాధారణంగా నవనందులతో మొదలుపెట్టి అహోబిలంతో ముగిస్తారు. ఆ రెండు క్షేత్రాల నడుమ అర్ధశతాబ్దం పాటు జనాన్నీ, ధాన్యాన్నీ, ఎరువుల మూటలనూ మోసిన ఒక బండి గురించి, దాన్ని అడుగునుంచి తినివేసిన తుప్పు గురించి రాయడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కానీ ఒక ప్రాంతపు మట్టికీ, నీటికీ, మనుషుల రాకపోకలకూ ఉన్న సంబంధాన్ని ఆ తుప్పు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదని నా అభిప్రాయం.

ముందుగా మట్టి. నంద్యాల చుట్టుపక్కల నేల చాలావరకు నల్లరేగడి. ఎండాకాలంలో బీటలు వారుతుంది, వానపడితే ఉబ్బి జిగురవుతుంది. పట్టిన నీటిని అంత తేలికగా వదలదు. ఆ గుణం వల్లనే పత్తికీ శనగకూ అది తల్లివంటిది. ఆ పైన నీరు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కర్నూలు–కడప కాలువ, 1882లో ప్రభుత్వం చేతికి వచ్చిన తర్వాత, ఈ సీమలో వరిని స్థిరపరచింది. సాగునీటితో పాటు పడవల రవాణాకు కూడా ఉద్దేశించి తవ్విన కాలువ అది. నల్లరేగడిలో వరి పండితే ఊళ్ళ దారులు ఏడాదిలో ఎన్నో నెలలు బురదగానే ఉంటాయి. బండికి ఆ బురదే ప్రధాన శత్రువు.

ఎద్దులబండి కాలంలోనే మనవారికి ఈ సంగతి తెలుసు. చక్రానికి చుట్టిన ఇనుపపట్టా నిత్యం నేలను ఒరుసుకుంటూ ఉంటుంది కనుక దానిమీద తుప్పు నిలవదు. ఇరుసు దగ్గర మాత్రం తడి చేరితే ప్రమాదం. అందుకే కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి కందెనగా పూసేవారు. ఆ కందెన రాపిడిని తగ్గించడంతో పాటు నీటిని, గాలిని ఇనుముకు దూరంగా ఉంచేది. తుప్పు నివారణ శాస్త్రమంతా స్థూలంగా ఇంతే. ఇనుముకు నీరు, ప్రాణవాయువు రెండూ అందినప్పుడే తుప్పు పుడుతుంది. ఏ ఒక్కదాన్ని అడ్డుకున్నా చాలు.

ఇక బండి సంగతి. నంద్యాలకు 19వ శతాబ్దం చివర్లోనే రైలు వచ్చింది. ఆళ్ళగడ్డకు రాలేదు. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం ప్రారంభమైనప్పుడు కూడా అది బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా సాగిపోయింది. కనుక ఆళ్ళగడ్డ జీవితమంతా రోడ్డు మీదనే ఆధారపడింది. ప్రధాన రహదారిమీద ఆర్టీసీ బస్సులు తిరిగేవి. పల్లెలకు, జాతరలకు, పెళ్ళిళ్ళకు, అహోబిలం యాత్రకు వ్యాన్లే దిక్కు. మా వైపు చాలాకాలం వ్యాను అంటే మెటాడోరే. పుట్టింది జర్మనీలో. అక్కడి టెంపో సంస్థ 1949లో ఆ పేరుతో తొలి బండిని తెచ్చింది. మన దేశంలో 1958లో స్థాపితమైన బజాజ్ టెంపో 1969 నుంచి దాని తయారీ చేపట్టి, సుమారు 2000 దాకా కొనసాగించింది. ఆ సంస్థే 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది.

మెటాడోర్‌లో ఇంజన్ శక్తి ముందు చక్రాలకు అందుతుంది. వెనక్కి పొడవాటి షాఫ్టు అవసరం లేకపోవడంతో అడుగుపలకను నేలకు దగ్గరగా అమర్చగలిగారు. ముసలివాళ్ళు ఎక్కడానికీ, బస్తాలు ఎత్తడానికీ అది సుఖం. ఆ సుఖమే దానికి శాపమైంది. నేలకు దగ్గరైన అడుగు బురదకూ దగ్గరే కదా. చక్రం విసిరిన రేగడి, పైన కమానులా వంగిన రేకు లోపలి అంచుల్లో పేరుకుని గట్టిపడుతుంది. వాన ఆగి రోడ్డు ఎండినా ఆ ముద్ద లోపల రోజుల తరబడి తడి ఉంటుంది. మా మెకానిక్కులు మడ్‌గార్డు అని పిలిచే ఆ భాగంలోనే మొదటి చిల్లు పడటం నేను ఎన్నో బళ్ళలో గమనించాను.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. మట్టి కప్పి ఉంటే గాలి తగలదు గదా, తుప్పు తగ్గాలి గదా అని. 1920లలో కేంబ్రిడ్జిలో యు. ఆర్. ఎవాన్స్ చేసిన పరిశోధనలు దీనికి సమాధానం చెప్పాయి. ఒకే ఇనుపరేకు మీద ఒకచోట ప్రాణవాయువు బాగా అంది, పక్కనే తక్కువగా అందితే, ఆ రెండు చోట్ల మధ్య చిన్న విద్యుద్ఘటం ఏర్పడుతుంది. అందులో కరిగిపోయేది గాలి తక్కువ అందిన చోటు. అంటే మట్టిముద్ద కింద దాగిన ఇనుమే ముందుగా పోతుంది. కందెన నీటినీ గాలినీ కలిపి ఆపేది. రేగడి గాలిని కొంతే ఆపి, నీటిని మాత్రం పట్టి ఉంచుతుంది. రెండూ పూతలే అయినా ఫలితాలు తారుమారు.

ఎరువుల రవాణా దీనికి తోడైంది. పొటాష్ ఎరువుగా మనం వాడేది చాలావరకు పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పుకు దాయాది. చిరిగిన బస్తాలోంచి రాలిన పలుకులు అడుగురేకు అతుకుల్లోకి జారి, తడి తగిలినప్పుడు తుప్పును వేగిరపరుస్తాయి. చలిదేశాల్లో మంచు కరిగించడానికి రోడ్లమీద చల్లే ఉప్పు బళ్ళను తినేస్తుందని చదువుతుంటాం. మన పొలం బాటల్లో ఆ ఉప్పు బస్తాలకెక్కి ప్రయాణించింది.

దీనికి మనవారు చేసిన ప్రతిక్రియలకూ ఒక క్రమం ఉంది. మొదటిది వాటర్ సర్వీసింగ్ తర్వాత పాత ఇంజన్ ఆయిల్లో డీజిలు కలిపి అడుగున కొట్టించడం. ఇది ఆముదం కందెనకు వారసత్వమే. కొంతకాలం పనిచేస్తుంది గాని, దుమ్మును పట్టుకుంటుంది, రబ్బరు బుష్‌లను మెత్తబరుస్తుంది, నేలను పాడుచేస్తుంది. రెండవది తారుపూత. కొత్త రేకు మీద మంచిదే. మన ఎండలకు అది ఎండి పగిలిందంటే ఆ పగులులోంచి నీరు వెనక్కి చేరి, బయటికి రాలేక, ఎవరికీ కనబడకుండా తినడం మొదలుపెడుతుంది. మూడవది టింకరింగ్ షెడ్డులో లప్పం పట్టి రంగు వేయించడం. బండి మెరుస్తుంది, రోగం లోపలే ఉంటుంది. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, కొన్నాళ్ళకు ఆ లప్పాన్ని తానే నెట్టేసుకుని బయటికొస్తుంది.

సరైన పద్ధతి వీటికంటే పెద్ద ఖర్చైనది కాదు, ఓపిక కావాలంతే. మట్టిని నీటితో నానబెట్టి అంచుల లోపలిదాకా కడగాలి. నీరు కారే చిన్న రంధ్రాలను పుల్లతో తెరవాలి. ఆ పైన ఆరబెట్టాలి. 40 డిగ్రీలు దాటే నంద్యాల వేసవి ఇందుకు దైవదత్తమైన కొలిమి. పెచ్చుగా లేచిన తుప్పును తీగబ్రష్షుతో గీకి, మిగిలిన పలుచని పొరకు ఫాస్ఫారిక్ ఆమ్లమున్న ద్రావకం పూస్తే అది గట్టి ఫాస్ఫేటుగా మారుతుంది. పుచ్చిపోయిన రేకును కోసి కొత్తది అతకవలసిందే, పూతతో బతికించలేం. తర్వాత ప్రైమరు. పూర్వం సీసపు సిందూరం వాడేవారు, అది విషం. కిటికీ ఊచలకు మనం వేసే రెడాక్సైడ్ రంగు, నిజానికి తుప్పుకు సోదరి అయిన ఐరన్ ఆక్సైడే. శత్రువు బంధువే కాపలా కాయడం ఇందులోని చమత్కారం. ఎపాక్సీ ప్రైమరు ఇంకా మేలు. చివరగా బయటి భాగానికి సాగే గుణమున్న పూత, చాసీ డొల్లల లోపలికి పాకే మైనం. ప్రతి వానాకాలం తర్వాత మళ్ళీ కడిగి చూడటం అన్నిటికన్నా ముఖ్యం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 1970ల తొలినాళ్ళ బళ్ళు 50 ఏళ్ళు దాటాయి. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వ్యాపారేతర వినియోగంలోని ద్విచక్ర వాహనాలకూ, చిన్న ప్రయాణికుల బళ్ళకూ పరిమితమైన నిబంధనలవి. పెద్ద వ్యాన్లన్నీ అందులో చేరవు. అయినా వాటిలోని ఒక షరతు ఆలోచింపజేస్తుంది. చాసీగాని, బాడీగాని, ఇంజన్‌గాని మార్చకుండా అసలు రూపంలో నిలిచిన బండినే వారసత్వంగా గుర్తిస్తారు. పైన ఎంత మెరిసినా, అడుగు పోయిన బండి చరిత్రగా మిగలదన్నమాట.

2019 సెప్టెంబరు వరదల్లో మహానంది ఆలయంలోకి సైతం నీరు వచ్చింది. నల్లమల అంచున ఉన్న ఈ సీమకు అటువంటి నీరు మళ్ళీ వస్తుంది, రేగడి మళ్ళీ పట్టుకుంటుంది. ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన రాతిబొమ్మలు ఆ నీటిని తట్టుకుని వందల ఏళ్ళు నిలుస్తాయి. ఆ బొమ్మలను ఊరూరికీ మోసిన రేకుబళ్ళకు అంత ఆయుష్షు లేదు. షెడ్డుల వెనుక, చింతచెట్ల కింద మిగిలిన మెటాడోర్ ఎవరికైనా కనిపిస్తే, రంగు గురించి ఆలోచించే ముందు ఒకసారి వంగి దాని అడుగు చూడమని మనవి. కాపాడవలసిన చరిత్ర ఉన్నది అక్కడే.