నెత్తురు పట్టిచ్చింది!

1968 అక్టోబరు 30. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, నార్వాక్ పట్టణం. బయట చలి మొదలైంది. బ్రాన్సన్ ఎలిమెంటరీ స్కూల్లో ఓ పిల్లాడు పొట్ట పట్టుకుని బల్ల మీదికి ఒరిగాడు. ఇంకొకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మం వైపు పరుగెత్తాడు. తర్వాత టీచర్లు. తరగతి గదుల్లో పులిసిన వాసన. పిల్లలూ టీచర్లూ కలిపి 232 మంది ఉంటే సగానికి సగం పడకేశారు. వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. ఒక రోజు గడిచేసరికి తేరుకున్నారు. హమ్మయ్య అనుకునేలోపే ఇళ్లలో మొదలైంది.

అమ్మలు, నాన్నలు, చెల్లెళ్లు, తమ్ముళ్లు. ఇంట్లోవాళ్లలో నూటికి 32 మందికి అంటుకుంది. తిండి దోషమే అయితే తిన్నవాళ్లతోనే ఆగిపోవాలి. ఇది ఆగలేదు. నమూనాలు ల్యాబుకి చేరాయి. బ్యాక్టీరియా కోసం గాలించారు. లేదు. కణాల మీద పెంచి చూశారు. ఏమీ మొలవలేదు. మరి ఇంతమందిని పడగొట్టింది ఏది?

బెథెస్డాలోని వైద్య పరిశోధన సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్. రోగుల మలాన్ని నీళ్లలో కలిపి, బ్యాక్టీరియా దూరలేని ఫిల్టర్‌లోంచి వడకట్టారు. ఆ తేట ద్రవాన్ని మేరీల్యాండ్ జైల్లో ముందుకొచ్చిన ఖైదీలకి తాగించారు. ఆ రోజుల్లో అక్కడ ఇలాంటివి మామూలే. జైల్లో ఉన్నవాడు ‘సరే’ అంటే అది ఎంతవరకు సరే అన్నది ఎవరూ గట్టిగా అడగలేదు. దాదాపు రెండు రోజులు. గ్లాసు ఖాళీ చేసినవాళ్లలో కొందరు బకెట్ మీదికి వంగారు. అంటే ఆ తేట నీళ్లలో ఏదో ఉంది. కానీ కంటికి చిక్కదే!

ఈ చిక్కుముడిని వదలని మనిషి ఆల్బర్ట్ కపికియన్. 1957 నుంచి ఆ సంస్థలోనే ఉన్న వైరస్ పరిశోధకుడు. 1970లో లండన్ వెళ్లారు. అక్కడ జూన్ అల్మీడా ఉన్నారు. గ్లాస్గోలో బస్సు డ్రైవరు కూతురు, పదహారేళ్లకే చదువు ఆపేసిన ఆవిడ. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మాత్రం ఆవిడకి సాటి లేరు. ఆవిడ దగ్గర కపికియన్ ఒక కిటుకు నేర్చుకున్నారు.

మలంలో చెత్త కోకొల్లలు. అందులో ఒంటరి వైరస్ కణం కలిసిపోతుంది. అయితే జబ్బు పడి లేచినవాడి నెత్తుట్లో దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు ఉంటాయి. అవి వైరస్‌లని ఒకదానికొకటి అతికించేస్తాయి. గచ్చు మీద ఒక్క చీమ కనబడదు, బెల్లం ముక్క చుట్టూ మూగితే దూరం నుంచే కనబడుతుంది. కానీ ఆ గుంపు అసలు కడుతుందా?

1972. మైక్రోస్కోపు గది చీకటి. వెలుగల్లా పచ్చటి తెరదే. వడకట్టిన ద్రవంలో కోలుకున్న వాలంటీరు నెత్తుటి తేట (సీరం) కలిపి, రెంటినీ పట్టుకోనిచ్చి, సెంట్రిఫ్యూజులో గిర్రున తిప్పి, అడుగున మిగిలిన మడ్డిని రంగు ద్రవంతో తడిపి, వేలిగోరు కన్నా చిన్న రాగి జల్లెడ మీద చుక్కగా వేసి, గాలి లేని గొట్టంలోకి దించి, కపికియన్ ఒక్కో గడినీ వెతుక్కుంటూ పోయారు. చెత్త. మళ్లీ చెత్త. ఇంకో గడి. చెయ్యి ఆగింది.

గుండ్రటి కణాలు. ఒకదాన్నొకటి కరుచుకున్న గుంపు. చుట్టూ యాంటీబాడీల పొర. ఒక్కోటి 27 నానోమీటర్లు. వరసగా పేరిస్తే మిల్లీమీటరులో 37,000 పడతాయి. పొంగిపోవాల్సిన క్షణం. కానీ గుంపు కట్టిన ప్రతిదీ నేరస్థుడు కాదుగా?

జబ్బుకి ముందు తీసిన సీరంతో చూశారు. కణాల మీద పొర పల్చగా ఉంది. జబ్బు తర్వాతి సీరంతో చూశారు. మందంగా పట్టేసింది. వాలంటీర్లలోనే కాదు, సహజంగా జబ్బు పడినవాళ్లలోనూ అదే తేడా! ఆ ఏడాదే పత్రం అచ్చయింది. వైరస్‌కి నార్వాక్ ఊరి పేరే దక్కింది. నేటి నోరోవైరస్‌లలో మొదట కంటపడింది ఇదే.

కంటపడింది గానీ లొంగలేదు. మనిషి పేగు కణాల మీద దాన్ని ల్యాబులో పెంచగలిగింది 2016లో. కపికియన్ మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఇంకో నమూనా అందుకున్నారు. 1973, అదే కిటుకు. ఈసారి పక్కన తోటి పరిశోధకులు స్టీఫెన్ ఫైన్‌స్టోన్, రాబర్ట్ పర్సెల్. పచ్చకామెర్ల రోగి మలం, కోలుకున్నవాడి సీరం. తెర మీద మళ్లీ గుంపు, మళ్లీ 27 నానోమీటర్లు. హెపటైటిస్-ఎ వైరస్ దొరికింది.