రెండు మధ్యమాలు

ఆ దుంగ ఇంకాస్త లోపలికి తోసి ఇలా వచ్చి కూర్చోరా మనవడా. బ్యారన్‌లో పొగాకు పండేదాకా ఎలాగూ నిద్ర లేదు.

మా కాలంలో ఈ నల్లజర్ల మెట్టన చర్చి పెళ్లంటే బ్యాండు మేళం ఉండాల్సిందే. నాది క్లారినెట్. ఉంగరాలు మార్చుకుని జంట బయటికొచ్చేటప్పుడు దొరల పెళ్లి బాణీ ఒకటి వాయించేవాళ్లం. దాని కథ మా బ్యాండు మాస్టారు చెప్పేవారు.

షేక్‌స్పియర్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకానికి మెండెల్సన్ అనే జర్మనీ ఆయన 1842లో కట్టిన పాటరా అది. నాటకంలో నాలుగో అంకం అయ్యాక, మూడు జంటల పెళ్లికి వస్తుంది. కట్టించుకున్నది ప్రష్యా రాజు. 1847లో ఇంగ్లండులో టివర్టన్ అనే ఊళ్లో మొదటిసారి నిజం పెళ్లికి వాయించారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టిందీ ఆ ఏడే. పాపం, మెండెల్సన్ పోయిందీ ఆ ఏడే, ముప్ఫయ్యెనిమిదేళ్లకి. 1858లో విక్టోరియా రాణి పెద్దకూతురి పెళ్లిలో వాయించాక ఊరూరా పాకింది. పెళ్లికొడుకెవరో తెలుసా? ఆ ప్రష్యా రాజుగారి తమ్ముడి కొడుకే!

మాకు కాయితం చూసి వాయించడం రాదు, చెవిన పట్టడమే. ముందు బాకా ఒక్కటే, ఒకే స్వరాన్ని మూడేసి దెబ్బలుగా ఊదుతుంది. మిగతా బాకాలు కలిశాక అసలు బాణీ. పై షడ్జమం మీద నిలబడి, నిషాదం తాకి, అక్కణ్ణించి ప్రతి మధ్యమానికి దూకుతుంది. మళ్లీ ధైవతం, పంచమం పట్టుకుని శుద్ధ మధ్యమం మీదుగా దిగుతుంది. ఒక్క ఊపిరిలో రెండు మధ్యమాలు! అంతకుముందు సన్నాయి పట్టిన నా వేళ్లకి ఆ దూకుడు ఎంతకీ పడేది కాదు. రెండుచోట్లా శుద్ధ మధ్యమమే వేసి లాగించేసే మేళాలుండేవి, జనం పట్టించుకునేవారు కాదు. మాస్టారు మాత్రం క్లారినెట్ లాక్కునేవారు. ఆయనదే న్యాయం. పాటలో ఉన్న సంబరమంతా ఆ ప్రతి మధ్యమంలోనే ఉందిరా.

రోడ్డెక్కాక ఎలాగూ సినిమా పాటలే. చర్చి గేటు దాటేదాకా మాత్రం ఆ బాణీని తప్పు పోనిచ్చేవాళ్లం కాదు.

క్లారినెట్ ఇంకా అటక మీదే ఉంది. పొద్దున దింపుదాం, నీ వేళ్లు ఎలా పడతాయో చూస్తాను.