పాలంపేటకు వచ్చిన పారశీ పండితుడు

పాలంపేటలోని రామప్ప గుడికి వెళితే గైడు వదలకుండా చెప్పే సంగతులు కొన్నుంటాయి: నీళ్లలో తేలే ఇటుక, ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక. పురావస్తు పండితుడు గులాం యజ్దానీ పేరు మాత్రం ఎవరి నోటా రాదు. యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. ‘ది టెంపుల్స్ ఎట్ పాలంపేట్’ అంటూ యజ్దానీ ఈ గుళ్ల మీద పుస్తకం తెచ్చింది 1922లో.

ఆయన 1885లో ఢిల్లీలో పుట్టారు. చదువు అరబ్బీ, పారశీ. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి ఆయన చేతికిచ్చే నాటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అప్పటిదాకా ఆయన లోకం మసీదులు, గోరీల మీది రాతలు. అలాంటి మనిషి కాకతీయ గుడి ముందు నిలబడ్డారు.

ఎర్ర ఇసుకరాతి గోడలు చూస్తూ వచ్చిన కళ్లకు, మండప ద్వారాల దగ్గర హఠాత్తుగా నల్లరాయి నిగనిగలాడుతుంది. స్తంభం మీంచి చూరు వైపు ఏటవాలుగా ఒరిగి నిలబడ్డ మదనికలు. సన్నని నడుము, సాగిన కాళ్లు. ఒకతె పాములనే నగలుగా చుట్టుకుంది. చూరును మోస్తున్నట్టే ఉంటారు గానీ, నా కంటికి ఆ బరువేదీ వాళ్ల ఒంట్లో కనిపించదు.

గుడి కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడని, ఏడాది 1213 అని చెప్పేది అక్కడి సంస్కృత శాసనమే. దాన్ని లండన్ పండితుడు ఎల్.డి. బార్నెట్ పరిష్కరించగా యజ్దానీ శాఖ తన హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో వేసింది. ఏ పని ఎవరికి అప్పగించాలో తెలియడమూ పాండిత్యమే మరి.

బీదర్ మీద 1947లో వచ్చిన పుస్తకం ఆయనకు మొదటి నుంచీ తెలిసిన మసీదులు, గోరీల లోకపు పంట. రంగీన్ మహల్‌లో నల్లరాతిని తొలిచి ముత్యపు చిప్ప పొదిగిన పని చూస్తే, రామప్ప నల్లరాతిని మెచ్చిన కన్ను ఇక్కడా ఎందుకు ఆగిందో అర్థమవుతుంది.

అజంతా గుహల కథ అంత సాఫీగా లేదు. ఆయన హయాంలోనే, 1920లో, ఇటలీ నుంచి నిపుణులను రప్పించి, రాలిపోతున్న చిత్రాలను గోడకు అంటించి నిలబెట్టారు. వాళ్లు పూసిన లక్క వార్నిష్ తర్వాత పచ్చబడి బొమ్మల రంగు మార్చేసింది. ఆ పూత తీయడం తర్వాతి తరాల మీద పడింది. అయినా ఆ పనే జరగకపోతే తుడవడానికి బొమ్మలే మిగిలేవి కావేమో.

ఆ బొమ్మలను రంగుల్లో అచ్చువేసే ‘అజంతా’ సంపుటాలు 1930లో మొదలయ్యాయి. 1943లో ఆయన ఉద్యోగం ముగిసింది. నాలుగో భాగం 1955లో వచ్చింది. అప్పటికి యజ్దానీకి డెబ్బై ఏళ్లు.